ఇరవై అయిదో గడి

నల్లగొండ పెద్దాసుపత్రి, పదకొండో నంబరు గది.
బేడీకి ఒక కొసన ఊశయ్య చెయ్యి,
ఇంకో కొసన కానిస్టేబుల్ కునుకు.

"యాదికి లేదు మేడం."

బత్తాయి చెట్లు మూడువందల పన్నెండు, యాదికుంది.
ఆరో బోరు ఎన్ని ఫీట్ల దాకా పోయి దుమ్ము కక్కిందో,
అప్పు కాగితం మీద చాయ్ మరక ఏ మూలన పడిందో
అన్నీ యాదికున్నాయి.
తొమ్మిదింటికి కరెంటొచ్చింది.
పదింటికి జీపు లైటు కళ్లల్లో పడ్డది.
నడుమ గంట మాత్రం
ఒడ్డు తెగిన మడిలా ఎటో కారిపోయిందట.

ఆ గంటలోనే ఉన్నాడు తమ్ముడు పర్వతాలు,
స్టార్టర్ డబ్బా మీద చెయ్యేసి.

నా దగ్గర ఇరవై అయిదు ప్రశ్నలు,
ఒక్కోదానికి రెండే జవాబులు.
డబ్బా పచ్చదా, నీలిదా?
పార కట్టె తుమ్మదా, వెదురుదా?
పర్వతాలు బోర్లా పడ్డాడా, వెల్లకిలా?
తెలియకపోతే తోచింది చెప్పు, అన్నాను.

నిజంగా మరిచినవాడికి సగమన్నా కలిసొస్తాయి.
చీకట్లో విసిరినా
కొన్ని రాళ్లు కాయలకు తగలక మానవు.
ఊశయ్య రాళ్లు ఒక్క ఆకునూ కదపలేదు.
ఇరవై నాలుగు, వరసగా, తప్పులు.
అన్ని కొమ్మల్నీ తప్పించి విసరాలంటే
తోటంతా కళ్లకు కట్టి ఉండాలి.

చివరిది అడిగాను:
తమ్ముడు ఆఖరికి అడిగింది పైసలా, నీళ్లా?

గోడ మీద బల్లి ట్యూబులైటు వెనక్కి పోయేదాకా చూశాడు.
"నీళ్లు" అన్నాడు.
కాసేపటికి, మెల్లగా
"మోటరు నీళ్లు గాదు మేడం. తాగేటియి."

గొలుసు గలగలమంది.
కానిస్టేబుల్ మేలుకొని టైమెంతయిందని అడిగాడు.

తలుపు సందులోంచి కనిపించాడు ఊశయ్య,
వరండాలో ఫిల్టరు దగ్గర.
రెండు గ్లాసులు గటగటా తాగాడు.
మూడోది నింపి, పట్టుకొని, అట్లనే నిలబడ్డాడు.
బేడీ గుంజితే సగం ఒలికింది.

బయట ఓపీ చీటీలు ఇంకా నలభై.
రిపోర్టు తీశాను.
జ్ఞాపకశక్తికి లోపం లేదు, మతిమరుపు నటన
అని రాసి, ముద్ర కొట్టాను.
గళ్ల కాగితం నింపుతూ పోయాను,
తప్పు, తప్పు, తప్పు.
ఇరవై అయిదో గడి దగ్గర పెన్ను ఆగింది.
అది ఒప్పా, తప్పా
చెప్పగలవాడు స్టార్టర్ డబ్బా దగ్గరే ఉండిపోయాడు.

ఖాళీగానే వదిలేశాను.
వాయిదా నాడు వకీలు లేచి,
ఈ గడిలో ఏముండె డాక్టరమ్మా అంటే
ఏం చెప్పాలో వెతుక్కోనక్కర్లేదు.
మూడు మాటలు
పొద్దుటి నుంచీ వింటూనే ఉన్నాను.