చెయ్యి వాలిన చోటు

ఎల్కోలో నవంబరు. షెడ్డు తలుపు సందులోంచి
నెవాడా గాలి ఇసకనీ మంచునీ కలిపి తోస్తోంది.
థెల్మా ఆర్కట్ తన ముప్ఫైనాలుగు మోడల్ ఫోర్డు ఎక్కి
కళ్లు మూసుకుంది.
"ఇప్పుడు చూడు" అని కుడిచెయ్యి వదిలేసింది,
చీకట్లో సొంతింటి స్విచ్చు మీదికి పోయినట్టు పోయిందది.
ఆ గాలిలో చుక్కకి నేను టేపు పట్టాను:
నేల నించి పదమూడంగుళాలు, సీటు అంచుకి మూడు.

అంతకు ముందు వారమే కాటలాగు విప్పి చూపించాను.
మెరిసే క్రోము, బొటనవేలి కింద ఎర్ర మీట,
ఒక్కో లాగుకి ఒక్క గేరే పడే రేసు సరుకు.
"పందెం ఎవరితో? నా మోకాలితోనా?" అంది.
ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు క్లచ్ తొక్కిన ఎడమ మోకాలు
ఇప్పుడు మెట్లతో కూడా బేరమాడుతోంది.
అందుకే ఆటోమేటిక్ పెట్టె.
మరి ఆటోమేటిక్‌కి నేల మీద కర్రెందుకు,
స్టీరింగు గొట్టానికున్న పాత మీట చాలదా?
నేనూ అడిగాను.
"సెలవిచ్చింది కాలికి. చేతికివ్వలేదు."

వెల్డింగు కడ్డీ వంచి ముందు బొమ్మ చేశాం.
పార్కులో బాగుంది. డ్రైవులో బాగుంది.
ఒకటో గేరుకి వెనక్కి లాగితే సీటు కుట్టుని గోకింది.
మళ్లీ వంచు. రేడియో వైపు ఇంకాస్త. మళ్లీ.
నాలుగో వంపుకి ఆవిడ తిట్టడం మానేసింది.

అసలు ఇనుము బిగించాక
పిడి న్యూట్రల్ అంది, పెట్టె రివర్సు అంది.
స్టార్టరు పిడినే నమ్మింది.
కింద కడ్డీ నాలుగు చుట్లు పొట్టి, అంతే,
బండి వెనక్కి అడుగేసి నా ప్రైమరు డబ్బా తన్నేసింది.
ఆ బూడిదరంగు ఇంకా ఉంది నేల మీద, రెక్క విప్పిన కాకిలా.
అప్పట్నించీ ఏ బండికైనా
ముందు పెట్టెని పార్కులో ఉంచి
తరవాతే పిడిని దాని దగ్గరికి తెస్తాను.
పిడి మాట పెట్టె వినదు.

చివర్న చేతిసంచిలోంచి ఒక నల్ల గుండు తీసింది.
బస్సు తలుపు తెరిచే మీటదట.
బస్సుని తుక్కుకి పంపిన రోజు
తిప్పి ఊడదీసి జేబులో వేసుకుంది.
ఒక పక్క అరిగి చదునైంది. మర కొలత కుదరక
నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

కొండ దిగేటప్పుడు ఆవిడ బ్రేకు జోలికి పోదు.
డ్రైవులోంచి రెండుకి, ఒక్క టక్కు.
ఇంజను గొంతు లేస్తుంది, బండి నడక తగ్గుతుంది.
కిందికి చూడదు. చీకట్లో టక్కులు లెక్కపెడుతుంది,
పార్కు, రివర్సు, న్యూట్రల్,
పిల్లలెక్కుతుంటే తలలు లెక్కపెట్టినట్టు
పెదాలతో.

నిన్న ఆయిలు మార్చమని బండి వదిలెళ్లింది.
ఎవరూ లేరు కదాని ఎక్కి, కళ్లు మూసుకుని
నా చెయ్యి వదిలి చూశాను.
పిడికి నాలుగంగుళాలు ఇవతల
ఖాళీలో పడింది.