ఉండవలసినది

పొద్దున్నే నా మొదటి పేషెంటుకి పేరుండదు.
రాజోలు ఆసుపత్రి ఫ్రిజ్‌లోంచి తీసి
అరచేతుల మధ్య చలి వదిలేదాకా దొర్లిస్తాను.
నురగ రాకూడదు.
ఎందరి నెత్తురు కలిపి తీసిన సీరమో అది,
దాని జవాబు సీసా మీదే అచ్చేసి ఉంటుంది.
తెలిసిన జవాబే మిషన్ని అడుగుతాను,
కొబ్బరి కొట్లో బస్తా ఎక్కించేముందు
తెలిసిన రాయి పెట్టి కాటాని అడిగినట్టు.

బొబ్బర్లంక లాకుల దగ్గర మా నాన్న లస్కరు.
పాచి కడక్కుండా నీటిమట్టం చదివినవాణ్ణి
వరదకంటే ఎక్కువ తిట్టేవాడు.
"అంకె అబద్ధమాడదు గానీ
రాయికి పాచి పడుతుందే పిల్లా."

గోడకి గళ్ల కాగితం.
నడుమ నల్ల గీత, పైనా కిందా ఎర్ర గీతలు.
రోజుకో చుక్క.
అటొకటి ఇటొకటి పడితే నిమ్మళంగా టీ తాగుతాను.
ఒకే పక్కకి వరస కడితేనే గుబులు,
ఎర్ర గీత ఒక్కటీ దాటకపోయినా సరే.
గట్టు తెగేది ఎండ్రకాయ బొరియ దగ్గరే కదా.

మొన్న శ్రావణంలో కాల్షియం చుక్కలు
ఏడు రోజులు మెట్లెక్కినట్టు ఎక్కాయి.
రిపోర్టులు ఆపేశాను.
వరండా నిండా జనం.
"మిషను బాగానే తిరుగుతోందిగా, నీకేం వచ్చింది రోగం?"
అన్నాడు మలికిపురం ఆటో అతను.
తిరగడానికేం, గానుగ కూడా తిరుగుతుంది.
సాయంత్రానికి దొరికింది:
నీళ్లు శుద్ధి చేసే డబ్బాలో గుళికలు చచ్చిపోయాయి.
సముద్రం బోరులోకి, బోరులోంచి గొట్టంలోకి,
గొట్టంలోంచి ముసలమ్మల ఎముకల లెక్కలోకి
చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంది.
ఆ వారం రిపోర్టులన్నీ వెనక్కి పిలిచాం.
ఇద్దరు రాలేదు. వాళ్ల పేర్లు నా డైరీలో ఉన్నాయి.

రిపోర్టులో ఇంకో వరస ఉంది, కుడి చివర:
ఉండవలసినది.
ఎవరికి? కిట్టుతో వచ్చిన కాగితాన్ని అడగాలి.
ఆ కాగితంలోని మనుషులు
ఏ చలిదేశంలోనో బూట్లేసుకు నడిచినవాళ్లు,
మోకాటిలోతు చేలో నాట్లేసి ఎరగరు.
మన కొలత మనమే కట్టుకుందాం అంది డాక్టర్ సుహాసిని.
నూట ఇరవై మంది కావాలి, ఏ జబ్బూ లేనివాళ్లు.

జబ్బు లేనివాణ్ణి వెతకడమెంత కష్టమో
సూది పట్టుకుని అంతర్వేది పల్లిపాలెంలో తిరిగితే తెలుస్తుంది.
"బాగున్నవాడి నెత్తురు నీకెందుకమ్మా?"
ఓలేటి మరిడయ్య తలుపేసుకున్నాడు.
వాళ్లావిడ పెరటి దారిన వచ్చి చెయ్యి చాపింది.

నూట ఇరవయ్యో మనిషి ఎండుచేపల పల్లాలమ్మ.
జ్వరం లేదు, మాత్రలు లేవు, కాన్పులు ఆగి పదేళ్లు.
"గంపెత్తుకుని సఖినేటిపల్లి రేవుదాకా నడుస్తాను,
నాకేం రోగం?"
హిమోగ్లోబిన్ తొమ్మిదీ పాయింటు నాలుగు.
కొబ్బరిపీచు తీసే ఆడవాళ్లు అరవై మందిలో
ముప్పై ఎనిమిది మంది ఆ చుట్టుపక్కలే.

వీళ్లని లెక్కలో కలిపితే గీత కిందికి దిగొస్తుంది.
గీత దిగితే పల్లాలమ్మ బాగున్నట్టే,
మందుల ఖర్చు కూడా మిగులుతుంది.
తీసేస్తే మా కొలతలో మా ఆడవాళ్లే మిగలరు.
రెండు రాత్రులు పుస్తకాలు తిరగేసి
డాక్టరమ్మ పెన్సిలుతో రాసింది:
అందరికీ ఉన్నంత మాత్రాన
అది ఉండవలసినది కాదు.

ఐరన్ మాత్రలు కొంగున ముడేసుకుంటూ
పల్లాలమ్మ అడిగింది:
"మా అమ్మకీ ఇంతే అయ్యుంటది, మా కోడలికీ ఇంతే.
మరి మాకిది సరి కాదా?"
నేను ఆ ముడిని ఇంకోసారి బిగించాను.

ర్యాకులో ముప్పై తొమ్మిది గళ్లు ఖాళీ.
గురువారం చింతలమోరి వెళ్లాలి,
వాళ్లింకా పొయ్యి వెలిగించకముందే.