వెనక మూత

ముర్గాబ్‌లో నా కొట్టు రెండు బారల వెడల్పు.
ఒక పక్క దర్జీ, ఒక పక్క ఫోను కార్డులు,
నడుమ నేను, కంట్లో భూతద్దం.
ఆగా బెహ్రూజ్ పోయినాక కుర్చీ నాదయింది,
దిండులో గుంట మాత్రం ఇంకా ఆయనదే.

శుక్రవారం సంతలో పాత గడియారాలు ఏరుకొని
బూ సాలెం శనివారం పొద్దున వస్తాడు,
చెనిక్కాయలు పోసినట్టు బల్ల మీద పోస్తాడు.
"పేర్లు తీసెయ్" అంటాడు.
పేరున్న గడియారం కడితే
ఎవరో మన మణికట్టు పట్టుకున్నట్టుంటదంట,
కొనేవాడు ధర దించేస్తాడంట.

తీసే ముందు చదువుతాను.
దానికి కూలి లేదు.

ముప్పై ఏండ్ల కొలువుకు, కంపెనీ తరఫున –
ఆ పెద్దమనిషి ఒక్కనాడూ కట్టినట్టు లేదు,
తోలు పట్టీకి మడతే పడలా.
సముద్రం నుంచి వచ్చినాక, నూరియాకు –
వచ్చినాడో లేదో మూత చెప్పదు.
ఒకదాని మీద బస్రా హోటలు పేరు, గది నెంబరు, అంతే.
ఇంకొకదాని మీద ఇంగ్లీషు తప్పు పడింది,
దాన్ని దిద్దబోయి మళ్లీ చెక్కితే
తప్పు ఇంకా లోతుకు పోయింది.

నిన్నటి కుప్పలో ఒక ఆడోళ్ల గడియారం,
చింతగింజంత.
చుట్టూ బంగారు పూత, వెనక స్టీలు.
స్టీలు మీద అరబ్బీ, చెయ్యి తిరిగినవాడి నగిషీ:
"మా మునీరాను పెంచిన చేతికి. దాని తల్లి. 1987."

దాని కింద, వరస తప్పి,
పిన్నీసుతో గీరిన తెలుగు.

భూతద్దం తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నా.

*వాళ్లే ఇచ్చినారు*
*నేను ఎతుకోలా*

తకు ఒత్తు లేదు.
స్టీలు మీద పిన్నీసు తిరగలేదో,
ఒత్తుల దాకా పోకముందే బడి మాన్పించినారో.
మా పక్క మాటే. ఆ "లా" దగ్గరి దీర్ఘం
రాజంపేట బస్సులో సీటు కోసం కొట్లాడే దీర్ఘం.

ఎవరు చదవాలని రాసింది?
పెట్టె విప్పి చీరలు దులిపే ఎయిర్‌పోర్టు పోలీసా?
ఆయనకు తెలుగు రాదు.
ఇంట్లోకి కొత్తగా వచ్చిన కోడలా? రాదు.
పైన ఇంటామె సాక్ష్యం చెప్పే ఉంది,
ఏడాదితో సహా, అరబ్బీలో.
అది ఈమెకు రాదు.
తీగలూ పూలూ అనుకునిందేమో.
వడ్లగింజ ఎడంలో రెండు మాటలు
ఇన్నేండ్లు
ఒకదానికొకటి వినపడకుండా.

ఎనభై ఏడు. మూడేండ్లకు ఆ ఆగస్టు వచ్చింది.
లారీలెక్కి అమ్మాను దారి పట్టినోళ్ల చేతులకు
ఏమేమి మిగిలినాయో ఏమేమి ఊడినాయో.
ఈమె అమ్ముకునిందా, ఎవరన్నా పెరుక్కున్నారా,
మునీరా పెద్దదై పాత సామాను తీసేసిందా –
నాకు తెలీదు. తెలీని కథ కట్టను.

మూత విప్పినా.
లోపల, బాగుచేసేవాళ్లం తప్ప ఎవరూ చూడని చోట,
సన్నగా ఒక వంకర "బే", పక్కన 3/89.
ఆగా గుర్తు.

అంటే ఆమె ఇక్కడికి వచ్చింది.
ఈ బల్లకు అవతల, కొంగు సర్దుకుంటా నిలబడింది.
ఆగా పైన ఉండేది చదివే ఉంటాడు.
నీకు ఇచ్చినట్టే రాసుందమ్మా అని
ఏ భాషలో చెబుతాడు?

చక్రం తిప్పే ముందు సన్న ఉలి తీసినా.
లోపలి పక్క, ఆగా "బే" చుట్టూ,
ఇంటామె మాట తెలుగులో,
ఈమె మాట అరబ్బీలో.
చోటు చాలక ఆఖరి అక్షరం
89 కింద దూరింది.

బయట పిన్నీసు గీత రెండు నిమిషాల్లో పోయింది.
నగిషీకి ఇరవై పట్టింది.

సాయంత్రం బూ సాలెం మూత వెలుగుకు పట్టి చూసి
"జైన్" అన్నాడు.
దీనారున్నరకు ఒకటే ఇచ్చినాడు.
అర మళ్లీ శనివారమంట.