మిగులు పిండి

కె.ఆర్. పురం సంత వీధిలో
ఇరవై ఆరేళ్ళుగా నాది పిండి మిషను.
బోర్డు కన్నడంలో ఉంటుంది,
చౌడేశ్వరమ్మ పేరు తప్ప మిగతాదంతా
ఎండకి పొలుసులై రాలిపోయింది.
ఎవరూ బోర్డు చదివి రారు,
చప్పుడు విని వస్తారు.

పొద్దున ఏడుకి స్విచ్చి వేస్తే
బెల్టు ముందు దగ్గుతుంది, తర్వాత మూలుగుతుంది,
ఆ తర్వాత నాకేమీ వినపడదు.
ఇంట్లో నేను గుసగుసలాడినా
పక్కింటివాళ్ళు జవాబు చెబుతారని
మా నాగవేణి ఎగతాళి.

మనుషులకంటే ముందే డబ్బాలు వరసలో కూర్చుంటాయి.
పెయింటు డబ్బాలో దేవసంద్ర పెద్దాయన రాగులు,
పాత బియ్యం సంచిలో బీహారు పిల్లల గోధుమలు,
సేలం టీచరమ్మ మురుకుల బియ్యం,
తువాలు మూటలో రాయచూరు కూలీల జొన్నలు.
కిలోకి ఆరు రూపాయలు.
మిరపకాయలు పట్టను,
దానికి మారెమ్మ గుడి పక్కన వేరే మిషనుంది.

ఒక సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.
రాళ్ళ మధ్య ఎప్పుడూ ఒక పిడికెడు మిగిలిపోతుంది.
ముందొచ్చినవాడిది వెనకొచ్చినవాడి డబ్బాలోకి పోతుంది,
వాడిది ఆ తర్వాతవాడికి.
ఇన్నేళ్ళలో ఈ వీధిలో
అచ్చంగా తన గింజలే తిన్నవాడు ఒక్కడూ లేడు.
తూకం ఎవరికీ తగ్గదు గనక
అది మోసం కాదు. దానమూ కాదు.

మొన్న శుక్రవారం ఒకామె వచ్చింది.
ఎదురుగా లేచిన పద్నాలుగు అంతస్తుల్లో ఉంటుందట,
ఒడిశా వైపు మనిషి.
చేతిలో రెండు కిలోల బియ్యం.
"గోధుమ నలకైనా కలవకూడదు అంకుల్,
పాపకి పడదు, కడుపులో పుండవుతుంది."
సగం హిందీ, సగం ఇంగ్లీషు, మిగతాది చేతులతో.
అంత చప్పుడులోనూ ఆ ముక్క నాకు వినపడింది.

మిషను ఆపాను.
వరసలో వాళ్ళంతా నా ముఖం చూశారు.
మూత విప్పి రాయి చూపించాను.
పదిహేను రోజులకోసారి ఉలితో నేనే పెట్టే గాట్లు,
గాటుగాటులో తెలుపు, ఎరుపు, బూడిద రంగు.
"ఎంత తుడిచినా రాయి మరిచిపోదమ్మా."
"కడిగితే?"
"కడిగితే తాగేస్తుంది. ఇక్కడ మాత్రం వద్దు."

థాంక్స్ అంది.
పిండి పట్టనన్నందుకు నాకు థాంక్స్ చెప్పిన మనిషి
ఇన్నేళ్ళలో ఈమె ఒక్కతే.

అల్లుడు మునికృష్ణ సాయంత్రం దాకా గొణిగాడు:
ఒక గుడ్డతో తుడిచి పట్టిచ్చుంటే పోయేది కదా మామా,
"ప్యూర్" అని ఒక కాగితం అంటిస్తే
కిలోకి ఇరవై అడగొచ్చు,
ఆ ఒక్క బిల్డింగులోనే రెండొందల వంటిళ్ళు.
లెక్క తప్పేమీ కాదు.
కరెంటు బిల్లు బల్ల మీదే ఉంది,
గాలికి పోకుండా దాని మీద అరకిలో గుండు.
ఆ లెక్క నేనూ రెండుసార్లు వేశాను, అబద్ధమెందుకు.

రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించి
కుంచెతో అంతా దులుపుతాను,
రాళ్ళ మధ్యది, గొట్టానికి కట్టిన గుడ్డలోది,
నా కనుబొమ్మల మీదది తప్ప.
రోజుకో అరకిలో.
ఎవరిదని ఎవరికి తిరిగిస్తాను?
అదే మా ఇంటి రొట్టె.
కూతుళ్ళిద్దరూ దాని మీదే పెరిగారు.
వాళ్ళకి పడింది.
పడటం కూడా ఒక అదృష్టమని
ఆ శుక్రవారం దాకా నాకు తెలియదు.

నాగవేణి పెనం మీంచి మొదటి రొట్టె తీసి
అంచు విరిచి నోట్లో వేసుకుంటుంది.
కళ్ళు మూసుకుని కాసేపు నములుతుంది.
తర్వాత నాకు వినపడేటంత గట్టిగా అంటుంది:
"ఈ పొద్దు జొన్న ఎక్కువ తగులుతా ఉండాదే,
రాయచూరోళ్ళకి కూలి డబ్బులు పడినట్టుండాయి?"

"పడినాయి" అంటాను మెల్లగా.

"మంచిదే" అంటారు
గోడ అవతల నుంచి పక్కింటివాళ్ళు.