మూడో తాళంచెవి

ప్రతి అమాసకీ
తాళంలో కొబ్బరినూనె చుక్క వేసి
తిప్పి చూస్తది పోలమ్మవ్వ.
ఆకాశం కడిగిన పలకలా ఉన్నా సరే.
"ఎండలో తెరుచుకోని తలుపు
వానలో తెరుచుకుంటదా?" అంటది.

ఆ ఏటి గాలివాన రాత్రి
ఇస్కపల్లి షెల్టరు ముందు నిలబడ్డాం
యానాది కాలనీ నలభై గడపల జనం.
తాళంచెవి అల్లూరులో
ఎవరి చొక్కా జేబులోనో పొడిగా నిద్రపోతా ఉంది.
మా నెత్తిన గోనెసంచులు,
చంకల్లో కోడిపిల్లలు, రేషన్ కార్డులు.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
పెంచలయ్య మామ చేతిలో రాయి
నాలుగుసార్లు జారింది.
అయిదోసారికి తాళం విరిగింది,
బొటనవేలూ విరిగింది.
తెల్లారి వచ్చిన జీపు
తాళం గురించే అడిగింది.

ఇప్పుడు చెవులు మూడు.
ఒకటి పంచాయతీది.
ఒకటి పట్టపుపాళెంలో కావేరమ్మ రొంటిసంచిలో.
మూడోది మా గుడిసెలో,
పీతలు లాగే కొక్కేనికి.

ఆ మూడోదానికి పదకొండు నెలలు తిరిగాం.
"యానాదోళ్ళ చేతికి తాళంచెవా" అని
ఒకాయన టీ గ్లాసు దించకుండానే నవ్వాడు.
అవ్వ వాళ్ళ తాతని
పుట్టకముందే దొంగల లెక్కలో రాసినారంట.
నవ్వినాయన పేరు నేను ఎక్కడా రాయలేదు.
షెల్టరు పై అంతస్తులో
ఆయనకీ ఒక చాప చుట్టిపెట్టి ఉంది.

మొన్న వచ్చినదానికి గాలి లేదు, పేరు లేదు.
కృష్ణపట్నంలో ఏ నంబరు జెండా ఎగరలేదు.
సముద్రాల అవతల ఎవరో
సుంకం అన్నారంట.
ఆ మాట మా రొయ్యల షెడ్డు దాకా రావడానికి
ఎనిమిది రోజులు పట్టింది.
తలలు తీసే బల్లలు కడిగి బోర్లించారు.
"కబురు చేస్తాం" అన్నాడు సూపర్‌వైజరు.
ఏళ్ళతరబడి ఐసునీళ్ళలో నాని
తెల్లగా పాలిపోయిన వేళ్ళు
ఆ వారం మొదటిసారి ఆరినాయి.
ఆరిన వేళ్ళని చూసుకుంటే భయమేసింది.

అప్పుడూ అవ్వ తాళం సంగతే ఎత్తింది.
"మన కూటి తాళంచెవి
ఎవరి జేబులో ఉండాదో చూసినారా?"
ఎవరం మాట్లాడలేదు.
మస్తానమ్మ పిన్ని మాత్రం లేచిపోయి
పిడికెడు బియ్యం తెచ్చి
నా ముందు కాగితం మీద పోసింది.

అట్లా వచ్చింది నీలం డ్రమ్ము.
పాత వరదగీతకి రెండు జానలు పైన,
ఇటుకల మీద.
పక్కన ఆధార్ కార్డుల ప్లాస్టిక్ డబ్బా,
అంకమ్మక్క బిడ్డ ఉబ్బసం మందు.
ఉప్పుటేట్లో వలకట్టి
మెత్తపీతల్ని గట్టిపడేదాకా ఆపి
నెల్లూరులో మేమే అమ్ముదామనుకున్నాం.
మొదటి విడత సగం చచ్చినాయి.
రెండో విడతలో పావు.
మూడో విడత తాలూకు డబ్బులు
ఇంకా మార్కెట్లోనే ఉన్నాయి.

ట్రైనింగు సారొకాయన వచ్చి
వీటన్నిటికీ కలిపి ఒక ఇంగ్లీషు పేరు చెప్పాడు.
"ఆ మాట ఆరబెట్టి తెలుగులో చెప్పయ్యా" అంది అవ్వ.
ఆయన చాలాసేపు ఆలోచించి
"పడ్డా లేవడం" అన్నాడు.
"లేవడం మాకు ఎవురూ నేర్పబళ్ళేదు సామీ.
లేచినాక కూలి ఉంటదా, అది చెప్పు."
ఆయన మంచోడే. బోర్డు తుడిచేసి
కింద కూర్చుని టీ తాగాడు.

లెక్కల పుస్తకం నాది.
ఈ నెల ముప్పైయొక్క ఇళ్ళు బియ్యం పోసినాయి.
తొమ్మిది పోయలేదు.
ఆ తొమ్మిది పేర్లకెదురుగా సున్న రాయబోతే
అవ్వ నా చెయ్యి పట్టుకుంది.
"సున్న పెట్టబాకే.
ఖాళీగా వదిలెయ్.
పోసేదానికి చోటుండాలి గదా."

ఈ రాత్రి అమాస.
తాళం మొదటి తిప్పుకి కదల్లేదు.
ఉప్పుగాలి.
అవ్వ ఇంకో చుక్క నూనె వేసి
చెవి నా చేతిలో పెట్టి
మెట్టు మీద కూర్చుని వక్క నములుతా ఉంది.
నేను తిప్పుతా ఉన్నా.