కానుపు గుంత

గుడిమల్కాపూర్ మార్కెట్ల గంపలు దించేటోళ్లు
ఆటో నంబరు చూడకుండనే చెప్తరట:
బంతిపూలు నలిగి ఉంటే
అవి మా రోడ్డు మీంచి వచ్చినయని.

చేవెళ్ల దాటి ఎడమకు తిరిగితే అంతా నల్లరేగడి.
ఎండాకాలం నోరు తెరుస్తది, వానకు ఉబ్బుతది.
మీద పోసిన తారు ఏం చేస్తది పాపం,
నిండు నెలల కడుపు మీద పాత రవిక లెక్క
పిగిలిపోతది.

ఇరవై రెండేండ్లు గుంతలు పూడ్చింది అంతమ్మ.
ఒక్కోటి ఆమెకు పేరుతోని తెలుసు:
పాలక్యాను గుంత, పెండ్లిబస్సు గుంత,
కానుపు గుంత.
అక్కడ జీపుల పుట్టిన పోరడు
ఇప్పుడు పదో తరగతి.

ఈసారి పూడ్చుడు లేదు.
మిషన్ వచ్చి తారును, కంకరను, మన్నును
జానెడు లోతుదాకా కలిపి నమిలింది.
నూటికి ఐదు పాళ్లు సిమెంటు.
"గింతేనా?" అన్నది అంతమ్మ.
"పప్పుల ఉప్పంత" అన్న.
"అయితే ఇన్నేండ్లు సప్పిడి కూడే తిన్నం."

నీళ్లు తగిలినంక రెండు గంటలే గడువు.
జహంగీర్ రోలరు దిగలే, సద్ది విప్పలే.

నేను ల్యాబు పిల్లను.
తవ్విన అంచు మీద మందు చల్లితే
మన్ను గులాబీ రంగుకు తిరిగింది, అడుగుదాకా.
ఒక్కకాడ తిరగలే.
ఆ నాలుగు గజాలు మళ్ల తవ్వించిన.
కాంట్రాక్టరు రెండు రోజులు నాతోని మాట్లాడలే.

ఏడు రోజులు ఎవ్వరినీ పోనియ్యొద్దు.
తడి గోనెసంచుల కింద
బాలింత లెక్క పండుకుంది రోడ్డు.
మూడో రాత్రి, రెండున్నరకు, బుగ్గయ్య ఆటో.
"తెల్లారితే ఇవి పూలు కావు బిడ్డా, చెత్త."
బలం ఇంకా పుట్టలేదని
ఏ మాటల్ల చెప్పాలె?
అంతమ్మ లేచి కొంగు చుట్టకుదురు చేసింది.
పన్నెండు గంపలు, చేను గట్టు మీంచి,
జహంగీర్ రెండు, నేను ఒకటి,
జారి పడ్డది కూడా నేనే.
ఆ కొసకు ఇంకో ఆటో పిలిపించినం.

ఏడో నాడు దిమ్మెలు ప్రెస్సుల పగలగొట్టిన.
అంకె మంచిగనే వచ్చింది.
మీద తారు ఇంకా పడలే,
సంచులు తీసి తోవ ఇడిసినం.

మొదట బుగ్గయ్యే వచ్చిండు.
సాపు రోడ్డు, అద్దం లెక్క.
సగం దూరం పోయినంక
ఏమీ లేనికాడ
ఆటో మెల్లగైంది,
కుడికి ఒరిగింది,
మళ్ల నిమ్మళంగ ఎడమకు వచ్చింది.

"కానుపు గుంత" అన్నది అంతమ్మ,
పార మీద గదుమ ఆనించి.