అడుగున స్టాంపు

స్టోక్‌లో ఎవరింటికి వెళ్ళినా
టీ తాగేముందు సాసరు తిరగేసి చూస్తాం.
అడుగున ఏ ఫ్యాక్టరీ ముద్ర ఉందో తెలియనిదే
మాకు గుటక దిగదు.
బయటివాళ్ళు మర్యాద కాదంటారు. అననీ.

నేను అంచులు గీసేదాన్ని.
కుంచె కదలకూడదు, పళ్ళెమే తిరగాలి,
ఊపిరి బిగబట్టి
బంగారు గీత చివరని దాని మొదలుకే అతకాలి.
అతుకు కనబడిందా, అది రెండో రకం.
శనివారం సంతలో సగం ధరకి.

మా అమ్మా అంచులే గీసింది.
పెళ్ళయిన ఆడవాళ్ళకి చిన్న స్టాంపు చాలన్నారట ఆ రోజుల్లో,
వారం వారం జీతంలో నాలుగు పెన్నీలు మిగులుతాయని.
మిగిలాయి. మాకు బూట్లయ్యాయి.
అరవయ్యో ఏట పెన్షను కాగితం వస్తే
"ఇంతేనా" అంది.
మడిచి చక్కెర డబ్బా కింద పెట్టింది.
ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అక్టోబరులో బట్టీ చల్లారింది.
ఫ్యాక్టరీ గేటుకి గొలుసు వేసినవాడు
మాతో బడిలో చదివినవాడే, తల ఎత్తలేదు.
ఆరునెలలు భృతి ఇచ్చారు.
ఏడో నెలలో ఇక నీకేమీ రాదన్నారు,
మా ఆయనకి లారీ జీతం ఉంది కాబట్టి
ఇంకే సాయమూ లేదన్నారు.
సరే, ఇక వెళ్ళడం దేనికి?
రానుపోను బస్సు ఖర్చు దండగ.

బింగో హాలు మెట్ల మీద నోరీన్ నా మోచెయ్యి పట్టుకుంది.
ఇరవై ఏళ్ళు నా పక్క బల్ల ఆమెది.
"డబ్బు రాకపోతే పోనీ, స్టాంపు పడుతుంది కదే పిచ్చిదానా.
సంతకం మానేస్తే ఆ వారాలన్నీ గాలికి పోతాయి.
మీ అమ్మని మర్చిపోయావా?"

లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చుని
నా బతుకంతా వరసగా చూసుకున్నాను.
నిండింది. నిండింది. నిండింది.
పిల్లలు చంకలో ఉన్న ఏళ్ళు కూడా నిండాయి.
తర్వాత రెండేళ్ళు, పక్కపక్కనే:
నిండలేదు.

అమ్మ మంచాన పడ్డ రెండేళ్ళు.
తెల్లారుజామున నాలుగింటికి దుప్పట్లు మార్చిన రెండేళ్ళు,
చెంచాతో గంజిలా ఓట్లు తాగించిన రెండేళ్ళు.
ఆ రెండేళ్ళూ నేను ఖాళీగా ఉన్నానట!
అడిగి ఉంటే లెక్కలో వేసేవాళ్ళే.
అడగాలని నాకెవరు చెప్పారు?
డబ్బు కట్టి పూడ్చుకుందామంటే గడువు దాటింది.

ముప్ఫై అయిదుకి ఇంకా నాలుగు.
గండి ఎక్కడ పడిందో చూశాక
పక్కనే మరోటి పడనిస్తానా.

అందుకే గురువారం మార్చి గురువారం
హ్యాన్లీ బస్సెక్కుతున్నాను,
ఏ పనికి దరఖాస్తు పెట్టానో నోటుబుక్కులో రాసుకుని:
బేకరీ, బడి వంటిల్లు,
ఫోన్లెత్తే కొలువు (నా యాస అర్థం కాదన్నారు).
సున్నా పౌండ్లకి సంతకం చేసి వస్తాను.

బల్లకి అవతల కుర్రాడు కీరన్.
"తెలుసుగా, దీనికి డబ్బులేం రావు."
తెలుసు బాబూ.
అతని కప్పు ఖాళీ అయి ఉంటే
చెయ్యి ఊరుకోక తిరగేశాను.
అడుగున ఏమీ లేదు. ఒట్టి తెలుపు.
"ఏం చూస్తున్నారు?"
"ఎవరు చేశారా అని."
"ఆన్‌లైన్‌లో కొన్నా," అని నవ్వాడు.
స్టోక్‌లో పుట్టినవాడే, పాపం.

పైవారం తర్వాతి గురువారం
ఇంట్లో ఉన్న కప్పు ఒకటి కాగితంలో చుట్టి పట్టుకెళ్ళాను.
రెండో రకం. నా చేతిదే.
తుమ్ము వచ్చిన రోజు గీసింది.
ఇప్పుడందులోనే తాగుతున్నాడు.
ఫ్యాక్టరీ పేరు చదివాడు, సంవత్సరం చదివాడు,
అంచు చుట్టూ వేలు తిప్పి తిప్పి చూశాడు.

అతుకు ఎక్కడుందో
ఇంకా దొరకలేదు.